బస్తా అడుగున

పలాసలో జీడిపిక్కలు కొనే తారకేశ్వరరావు బస్తా పైన కనిపించే పిక్కని నమ్మే మనిషి కాదు. పైనుంచి గుప్పెడు, మధ్యలోంచి గుప్పెడు, చెయ్యి భుజందాకా దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసి, ఒక్కొక్కటీ రెండు చెక్కలుగా కోసి లోపలి పప్పు చూస్తేగానీ బేరానికి దిగడు. మంచి పిక్కలు పైన పోసి తెచ్చే రైతులు ఆయన ఎదురుపడితే తామే బస్తా బోర్లించేసేవారు.

అలాంటి మనిషి తన కూతురు ఇందుమతిని ఐర్లాండులో ఎంబీఏకి పంపాలనుకున్నాడు. ఆ పిల్ల టెక్కలిలో బీఎస్సీ పూర్తిచేసింది. అక్కడి యూనివర్సిటీలో సీటొచ్చింది, కావాలో వద్దో సోమవారం చెప్పెయ్యాలి. బావమరిది సింహాద్రి అంతవరకూ ఆగలేక కాశీబుగ్గ బస్టాండు దగ్గర అభినందనల ఫ్లెక్సీ కట్టించేశాడు. అందులో ఇందుమతి కన్నా సింహాద్రి ఫొటోయే పెద్దది.

ఇంట్లో అన్నీ ఆలోచించారు. ఆ చలికి పిల్ల ఆగుతుందా అని తల్లి గౌరీశ్వరి ఆలోచించింది. ఊళ్ళో నలుగురిలో చెప్పుకోవడానికి ఏ దేశం పేరు గట్టిగా వినిపిస్తుందో సింహాద్రి ఆలోచించాడు. కవిటి నుంచి వచ్చిన మేనత్త పైడమ్మ ఒక్కటే అడిగింది.

"ఆ దేశంలో నీళ్ళు మంచివేనేటి తమ్ముడా? కిడ్నీలు పోవు కదా?"

ఎవరూ నవ్వలేదు. కవిటి వైపు ఇంటింటా కిడ్నీలు పోవడానికి నీళ్ళే కారణమని అందరి అనుమానం; పైడమ్మ భర్త డయాలసిస్‌కి తిరిగి తిరిగి కిందటేడే పోయాడు. ఇందుమతి మాత్రం తలెత్తి అత్తనే చూస్తూ ఉండిపోయింది. అది ఎవరి కంటా పడలేదు.

తారకేశ్వరరావు తన పద్ధతిలో తాను దిగాడు. విశాఖపట్నంలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడిపే ఆయన, ఆ యూనివర్సిటీలో ఫస్టున పాసై అక్కడే ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి నంబరిచ్చాడు.

"ఇది పై గుప్పెడు బాబూ. అడుగుది తియ్యి."

"అంటేనండీ?"

"తప్పినోడి నంబరు."

"తప్పినవాళ్ళ నంబర్లు ఎవరూ అడగరండి."

"నాను అడుగుతన్నాను కదా!"

కన్సల్టెన్సీ ఆయన గొణుక్కుంటూనే, ఎంబీఏ తప్పి ఇంకా అక్కడే ఉన్న సోంపేట కుర్రాడు రాజు నంబరు పంపాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ఫోను చుట్టూ చేరారు. తెరమీద చలిటోపీ పెట్టుకున్న రాజు కనబడ్డాడు.

"కాలేజీ దొంగదేటి బాబూ? సదువు సెప్తారా? ఉట్టినే ఊసులాడతారా?" అని మొదలెట్టాడు తారకేశ్వరరావు.

"బంగారంలాటి కాలేజీ బాబాయ్. అడగాలేగాని, మేస్టర్లు మనింటి మనుషుల్లాగ సెప్తారు."

"మరి నువ్వెందుకు తప్పినావు?"

"నాకు లెక్కలంటే జొరం బాబాయ్. ఇంజన్లు ఇప్పడమంటే పేణం. మా నాన్న ఎంబీఏ అన్నాడు, ఇమానం ఎక్కీసినాను."

"ఎక్కేముందు నోరిప్పి సెప్పొచ్చు కదరా!" అన్నాడు సింహాద్రి.

"అప్పటికే మావోళ్ళు ఊళ్ళో ఫ్లెక్సీ కట్టీసినారు మావయ్యా. ఇంకేటి సెప్పీది? సర్లే, సెల్లికేటి ఇష్టం?"

"లెక్కలు," అన్నాడు తారకేశ్వరరావు. "కంప్యూటర్లు," అంది గౌరీశ్వరి, అదే క్షణంలో. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాను సెల్లిని అడిగినాను," అన్నాడు రాజు.

ఇందుమతి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తారకేశ్వరరావు కాసేపటికి పెరట్లో పిక్కల బస్తాలుండే షెడ్డులోకి వెళ్ళాడు. ఆ పిల్ల బస్తామీద కూర్చుని ఉంది. ఆయన అలవాటు కొద్దీ పిక్క ఒకటి తీసి కోశాడు. తెల్లటి పప్పు. ఇంకోటి కోశాడు. అదీ మంచిదే. ఇన్నేళ్ళలో అన్ని బస్తాల్లోనూ చెయ్యి పెట్టినవాడికి ఇప్పుడు ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.

"నీకేటి సదవాలనుందే?"

"ఇప్పుడడుగుతావేటి నాన్నా? రేపే సోమవారం."

"అందుకే అడుగుతన్నాను."

"నీళ్ళు. బూమిలో నీళ్ళు," అంది ఆ పిల్ల, కళ్ళెత్తకుండా. "అత్త అడిగింది సూడు, నీళ్ళు మంచివేనా అని. అది ఎలా సూత్తారో నేర్చుకోవాలి. మన కవిటి నీళ్ళు కూడా."

"నీళ్ళకి కూడా సదువుంటాదేటే?"

"అదే యూనివర్సిటీలో ఉంది. సీట్లు ఇంకా ఉన్నాయంట, సూసినాను."

"మరి సెప్పవేం?"

"మావయ్య ఫ్లెక్సీలో ఎంబీఏ అని ఏసీసినాడు కదా."

ఆయన చేతిలోని పిక్క చెక్కలు కింద పడేశాడు. ఫోను తీసి ముందు, అప్పటికే తన ఇంటికి బయల్దేరిపోయిన సింహాద్రికి చేశాడు.

"బావా, ఆ ఫ్లెక్సీ దించీ. నీ బొమ్మ కావాలంటే కోసుకుని ఇంట్లో పెట్టుకో."

అవతల సింహాద్రి ఏదో అంటూ ఉండగానే కట్ చేసి, కన్సల్టెన్సీ ఆయనకి చేశాడు.

"బాబూ, కోర్సు మారింది. ఎంబీఏ వద్దు, నీళ్ళ సదువు. సీటు సంగతి సూడు. ఈలోగా అందులో తప్పినోడి నంబరు ఒకటి పంపు... లేడా? సరిగ్గా సూడు. అడుగున ఎవడో ఒకడుంటాడు."

ఇందుమతికి నవ్వొచ్చింది. "నాన్నా, ఈసారి నాను మాటాడతాను," అని చెయ్యి చాపింది. తారకేశ్వరరావు ఒక్క క్షణం తటపటాయించి ఫోను ఇచ్చేశాడు.