ఐసు కొసరు

సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళితే ఒక పల్లెలో సర్కారు వారి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. పుట్టిన నాటి నుంచీ దానికి నష్టమే. మూసెయ్యాలా, ఉంచాలా అని తేల్చడానికి నారాయణమూర్తి అనే పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసి, చేపలమ్ముకునే నూకమ్మకు ముద్ద దిగలేదు. ఐసు లేకపోతే ఆమె చేపలు కోటబొమ్మాళి సంతకు చేరేసరికి కుక్కలు కూడా ముట్టవు.

ఆ ఆఫీసరు మామూలు మనిషి కాదట. ఎక్కడో సముద్రాల మధ్య, మన మండలమంత లేని దీవుల దేశాల్లో సర్కారు కంపెనీలను చక్కదిద్ది వచ్చాడట. చక్కదిద్దడమంటే సగం వాటికి తాళాలు వెయ్యడమేనని ఐసు కొట్టే ధనరాజు చెప్పాడు.

నష్టం ఎందుకొస్తోందో నూకమ్మకు తెలియక కాదు. ఐసు కొన్న ప్రతి ఆడదీ పైన ఒక చెక్క కొసరు పట్టుకుపోతుంది. తాతల నాటి మర్యాద. అందుకే ఆమె ముందురోజే వాడంతా తిరిగింది.

"రేపొక్కనాడు కొసరడక్కండే! అడిగినోల్లని గంగమ్మ సూసుకుంటాది!"

తెల్లారింది. ఆఫీసరు గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు. ఆడవాళ్లు పెళ్లిచూపుల పిల్లల్లా తల దించుకుని ఐసు తీసుకెళ్లారు. చివరికి నూకమ్మ వంతు. ధనరాజు కొట్టిన ఐసు బుట్టలో పడిందో లేదో, ఆమె చెయ్యి దానంతటదే అతని ముందుకు సాగింది.

"కొసరెయ్యి మావా!"

అనేసి నాలుక కరుచుకుంది.

"కొసరా? రోజూ ఇంతేనా?" అంటూ ఆఫీసరు లేచాడు.

నూకమ్మకు ఏడుపొచ్చింది. "అందరం తింతన్నాం బావూ. నానే ఎక్కువ తిన్నాను. మూసీకండి బావూ, మునిగిపోతాం."

ఆయన పకపకా నవ్వాడు. "దీవుల్లోనూ ఇదే జబ్బమ్మా. సర్కారుదంటే ఎవరిదీ కాదు. ఫ్యాక్టరీని మీ ఆడవాళ్ల సంఘానికే ఇచ్చేస్తాం, దానికి పెద్దగా నువ్వుండు. మళ్లీ కొసరన్న మాట వినబడిందో, మూసేస్తాను."

దొంగ చేతికే తాళాలిస్తానంటున్నాడని వాడంతా నవ్వింది. అన్నట్టే కొన్నాళ్లకు ఆయనే వచ్చి, సభ పెట్టి, తాళాలు నూకమ్మ చేతికిచ్చాడు. వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గరే రొయ్యలు కొని, ఐసూ కొన్నాడు.

"రైల్లో చాలా దూరం పోవాలి. ఇంకో ఐసుముక్క కొసరు వెయ్యమ్మా!"

ధనరాజు కిసుక్కున నవ్వాడు. నూకమ్మ మాత్రం నవ్వలేదు. కొంగున ముడేసుకున్న తాళాలు తడుముకుంది.

"ఐసు సంగానిది బావూ, కొనుక్కోండి," అని గుప్పెడు రొయ్యలు తీసి ఆయన సంచిలో వేసింది. "ఇయ్యి నాయి. కొసరు తీసుకోండి."