ఎక్కినవాళ్ల లెక్క

ఉత్తరం వచ్చేసరికి నేను మావారి చొక్కాకి గుండీ కుడుతున్నాను. చొక్కా ఆయన ఒంటిమీదే ఉంది, అందుకే పని సాగడం లేదు. మామయ్యగారు గుమ్మంలోనే కవరు చింపి, నిలబడే చదివి, "స్టేషన్ మూసెయ్యట్లేదు" అన్నారు. మళ్లీ చదివి, "ఇప్పుడే మూసెయ్యట్లేదు" అని దిద్దుకున్నారు.

వచ్చే బుధవారం రైల్వే ఇన్‌స్పెక్టర్ వస్తాడట. పొద్దున ఏడు నలభై బండి ఇక్కడ నలభైమంది ఎక్కితే అది ఇకముందూ ఆగుతుంది. లేకపోతే ఒకటో తారీఖు నుంచి ఆగదు.

నాకు పెళ్లయి ఆరు వారాలు. ఆ బండిలో మావారు ఆఫీసుకి, నేను కళ్లజోళ్ల షాపుకి ఇరవై రెండు నిమిషాలు పక్కపక్కన కూర్చుని వెళ్తాం. ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. బండిలో ఎవరూ పిలవరు. రైలు మలుపు తిరిగే చోట ఆయన ఒరిగి నా భుజానికి తగులుతారు. ఆ మలుపు అంత వంకరేమీ కాదని నాకు తెలుసు.

స్టేషన్ కథంతా మామయ్యగారే చెప్పారు. అది ఇటుకబట్టీ కోసం కట్టింది. ముందు ఇటుకలు ఎక్కేవి, తర్వాత మనుషులు ఎక్కారు. ఒకప్పుడు నలుగురు స్టాఫ్, తర్వాత ఇద్దరు. చివరి పదకొండేళ్లూ మామయ్యగారొక్కరే టికెట్లిచ్చి, దీపాలు వేసి, గేటు మూసేవారు. ఆయన రిటైరయ్యాక ఒక మిషన్ పెట్టారు. అది రెండేళ్లకి పాడైంది. దాని బదులు ఏమీ పెట్టలేదు. టికెట్ కిటికీని గోడకట్టి మూసేశారు. బయటి చెక్క గట్టు మాత్రం మిగిలింది. మోచేతులు ఆని ఆని మధ్యలో గుంట పడింది. నా టిఫిన్ డబ్బా అందులో చక్కగా కూర్చుంటుంది.

ఇప్పటికీ ఆయన రోజూ వెళ్లి ప్లాట్‌ఫాం ఊడ్చి వస్తారు.

"జీతం ఇచ్చిన రోజుల్లో ఇంత శ్రద్ధ చూళ్లేదు" అంటారు అత్తయ్యగారు.

ఉత్తరం పట్టుకుని ఆయన ఇల్లిల్లూ తిరిగారు. "బుధవారం ఏడున్నరకల్లా స్టేషన్‌కి రండి" అన్నారు. అంతకుమించి చెప్పాలని ఆయనకి తోచలేదు. ఆయన కాలంలో స్టేషన్‌కి వచ్చినవాళ్లు రైలెక్కడానికే వచ్చేవారు.

బుధవారం అందరూ వచ్చారు. నేను లెక్కపెట్టాను, అరవై ముగ్గురు. గోడవారన బైకులు, కార్లు బారులు తీరాయి. "నా మొదటి ఉద్యోగానికి ఈ బండిలోనే పోయాను" అని మంగలాయన చెప్తున్నాడు. "మా అమ్మాయి ఈ బెంచీ పట్టుకునే నడక నేర్చింది" అంది పక్కవీధి పెద్దావిడ. మామయ్యగారు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పరుగులాంటి నడకతో తిరుగుతున్నారు. సంతోషం పట్టలేక నేను టిఫిన్ డబ్బా చాటున మావారి చెయ్యి నొక్కాను.

ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గర నిలబడలేదు. ప్లాట్‌ఫాం మీద, బండి తలుపు వచ్చి ఆగే చోట నిలబడ్డాడు.

బండి వచ్చింది. అందరూ ఫోన్లెత్తి ఫోటోలు తీశారు. మేమిద్దరం, రోజూ వచ్చే నర్సు ఎక్కాం. వెనక్కి చూస్తే అందరూ చేతులూపుతున్నారు.

"ఎక్కండి, ఎక్కాలి" అన్నాను తలుపులోంచి.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మంగలాయన. "షాపు తియ్యొద్దూ? మళ్లీ వెనక్కి బండి సాయంత్రమేగా."

మామయ్యగారు అతని మొహం చూశారు, ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితం చూశారు. బండి కదులుతుంటే కమ్మీ పట్టుకుని పైకొచ్చేశారు. వెనకే ఎక్కిన ఇన్‌స్పెక్టర్ కాగితం మీద నాలుగో గీత గీశాడు.

"నన్ను కొట్టెయ్యండి" అన్నారు మామయ్యగారు. "నా దగ్గర టికెట్ లేదు."

"నేను ఫోన్‌లో తీస్తాను మామయ్యగారూ."

"బండి కదిలాక తీసింది చెల్లదమ్మా."

"ఏం పర్లేదు సార్, ఉండనివ్వండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడైనా నాలుగైనా ఒకటే కదా."

"ఒకటి కాదు" అన్నారు మామయ్యగారు. "కొట్టేసి, ఫైను రాయండి."

ఇన్‌స్పెక్టర్ గీత కొట్టేశాడు. మలుపు వచ్చింది. మావారు ఒరగలేదు.

ఆ రోజంతా మామయ్యగారు మా షాపులో, కళ్లజోళ్లకోసం వచ్చినవాళ్ల మధ్య బెంచీ మీద ఇంటి చెప్పులతో కూర్చున్నారు. నేను కాఫీ తెప్పిస్తే చల్లారిపోయేదాకా పట్టుకుని, చివరికి తాగేశారు. సాయంత్రం బండికి ముగ్గురం తిరిగొచ్చాం.

అత్తయ్యగారు గుమ్మంలో ఉన్నారు. "మీటింగ్ బాగా జరిగిందని వీధంతా మెచ్చుకుంటోందండీ. ఫోటోలు కూడా పంపారు" అన్నారు.

మామయ్యగారు చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, ఒక తెల్లకాగితం ఇవ్వు. రేపు పొద్దున్నే మెయిన్‌రోడ్డుకి వెళ్లి మీ ఇద్దరికీ బస్సు టైములు రాసుకొస్తాను."