పెద్దమ్మ ఎక్కిలి, పాత పెట్టె

పెద్దమ్మ పొద్దున్నే లాండ్రీ తలుపు తీసి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా చొక్కాల మీద నీళ్లు చల్లుతుంది. ఒకటి, రెండు, మూడు, హిక్. పదకొండేళ్లుగా ఆవిడ ఎక్కిలి క్షణం అటూ ఇటూ కాలేదు. ఎదుటి దర్జీ ఆ లెక్కకే మిషను తొక్కుతాడు. ఎవరో తలుచుకుంటున్నారని వీధి ఎప్పుడో తేల్చేసి, తన పని తను చేసుకుంటోంది.

ఆవిడ చెల్లెలి కూతురు డమడమ. బల్ల కనిపిస్తే వాయించకుండా ఉండదని ఆ పేరు. ర్యాప్ పాటలకు దరువులు కడుతుంది. ఆదివారం పోటీకి కట్టిన దరువంతా పెద్దమ్మ ఎక్కిలి మీదే నిలబడి ఉంది. ఫోనులో పడితే అది పిల్లి తుమ్మినట్టుంది. అందుకే పాత శాంప్లర్ కావాలి. చప్పుడును పట్టుకుని, మీట నొక్కినప్పుడల్లా పలికించే పెట్టె.

"శాంపిల్ అంటే ఊరికే ఇచ్చేదేగా! కొనడమేమిటే?" అంది పెద్దమ్మ.

"శాంపిల్ ఊరికేనే పెద్దమ్మా. పెట్టెకే డబ్బులు."

అలాంటి పెట్టెలున్నది రేడియో మెకానిక్ దగ్గరే. ఆ కొట్టు గడప తొక్కనని పెద్దమ్మ పదకొండేళ్ల కిందట ఒట్టు పెట్టుకుంది. రేడియో బాగుచెయ్యమని ఇస్తే, "రేపు రండి" అని ఆరుసార్లు తిప్పాడాయన. ఎక్కిలి లేకుండా పెట్టెను ఎలా ఎంచాలని డమడమ కాళ్లావేళ్లా పడితే, సణుక్కుంటూ బయల్దేరింది.

మెకానిక్ తడబడుతూ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. "ఇది కాస్త కొత్తది. చప్పుడు ఎంతసేపైనా పట్టుకుంటుంది, గొంతు శుభ్రం. ఈ ముసలిదాంట్లో పట్టేది పది సెకన్లే. గొంతు బొంగురు."

డమడమ మైకు పెట్టింది. "ఊఁ, కానివ్వు పెద్దమ్మా."

ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు.

"ఆగిపోయిందే!" పెద్దమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"పోటీ పెట్టుకుని ఇప్పుడా ఆగేది?" డమడమకి ఏడుపొక్కటే తక్కువ.

మెకానిక్ మంచినీళ్ల కోసం లోపలికెళ్లాడు. హిక్. గ్లాసుతో వచ్చాడు. ఆగింది.

డమడమ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అంకుల్, లోపలికెళ్లండి." హిక్. "రండి." నిశ్శబ్దం. "మళ్లీ వెళ్లండి."

"నేనేమన్నా తలుపునా అమ్మా?" అంటూనే వెళ్లాడు.

కొత్త పెట్టెలో ఎక్కిలి గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టుంది. ముసలిదాంట్లో గోడ మీద గుద్దినట్టు పడింది. "ఇదే!" అంది డమడమ.

పెద్దమ్మ అలమరా వైపు చూస్తోంది. తన రేడియో, తన పేరు చీటీతో సహా. దుమ్ము రవ్వంత లేదు.

"ఎప్పుడు బాగైంది ఇది?"

"మీరిచ్చిన రోజే."

"మరి రేపు రమ్మన్నారేం?"

"ఇచ్చేస్తే రేపు రారు కదండీ."

"సిగ్గులేకపోతే సరి," అంది పెద్దమ్మ. రేడియో మాత్రం అడగలేదు. గడప దిగుతూ, "రేపొస్తాను," అంది.

రేపూ వెళ్లింది, ఎల్లుండీ వెళ్లింది. లాండ్రీలో ఎక్కిలి వినబడక దర్జీ కాలరు వంకరగా కుట్టాడు. శనివారం పెద్దమ్మ ఒకే చొక్కా మీద నీళ్లు చల్లుతూ, ఎటో చూస్తూ కూర్చుంది. అదే వేళకి డమడమ పెట్టె చంకనపెట్టుకుని వైరు కోసం కొట్టుకెళితే, మెకానిక్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఒకటి, రెండు, మూడు, హుక్.

"కదలకండి అంకుల్!" పెట్టెలో ఇంకా రెండు సెకన్లు మిగిలున్నాయి.

ఆదివారం హాలంతా ఎక్కిళ్లతో అదిరింది, ఒకటి సన్నగా, ఒకటి లావుగా. మొదటి బహుమతికి డమడమ పేరు పిలిచారు. మూడో వరుసలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరికీ మాత్రం ఆ పూటంతా ఒక్కటీ రాలేదు.