పుస్తకం చోట చెక్క

కర్నూలు మునిగిన ఏడాది. ఆ వానలు తగ్గి నెల దాటింది. శామీర్‌పేట దారిలోని కాలేజీ లైబ్రరీలో సత్తార్ తడిగుడ్డతో అరలు తుడుస్తున్నాడు. మూడో తరగతితో బడి మానేసినవాడు. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలు రాదు. పుస్తకాలను రంగుతో, మందంతో గుర్తుపడతాడు. బైండింగుకు పోయిన పుస్తకం చోట అంతే మందం చెక్కముక్క నిలబెడతాడు. పుస్తకం వచ్చాక తీసేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా అతని రిజిస్టరు అదే.

సోషియాలజీలో పరిశోధన చేస్తున్న లలితకుమారి నాలుగో రోజూ వచ్చింది. ఈ చుట్టుపక్కల పల్లెల మీద యాభై ఏళ్ల కిందటి సర్వే పుస్తకం కావాలి. పుస్తకం ఉందని కంప్యూటరు చూపిస్తుంది, అరలో లేదు. ఇంటర్నెట్‌లో అట్ట బొమ్మ, మొదటి రెండు పేజీలు తప్ప తెరుచుకోవు. సోమవారంలోగా దొరక్కపోతే ఆ అధ్యాయమే తీసేయమని గైడు చెప్పాడట. మూడేళ్ల పని. లైబ్రేరియన్ భాస్కర్ ఆ పుస్తకాన్ని పోయినవాటి జాబితాలో చేర్చేశాడు.

సత్తార్ తెర మీది అట్ట వైపు చూశాడు. ఇటుకరంగు. లోపలి గదిలోకి వెళ్లి, కింది అరలో రెండు వేళ్ల మందం చెక్క మీద చెయ్యి పెట్టాడు.

"పోలేదు బిడ్డా. జనార్ధన్ తాన ఉంది."

జనార్ధన్ దేవరయాంజాల్‌లో బైండరు. నెలకోసారి సైకిలు మీద తనే వచ్చి, కుట్టినవి ఇచ్చి, చిరిగినవి తీసుకుపోతాడు. ఇద్దరూ మెట్ల మీద చాయ్ తాగుతారు. మాటలుండవు. ఈసారి రెండు నెలలైనా రాలేదు. ముసురుకు జిగురు ఆరలేదేమో అనుకున్నాడు సత్తార్.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఆటోలో జనార్ధన్ ఇంటికి వెళ్లాడు. వాకిట్లో సైకిలుకు గాలి లేదు. జనార్ధన్ భార్య బాలమణి మంచినీళ్లిచ్చి గడపలో కూర్చుంది.

"దసరా ముంగట పాయె భాయ్. అన్నం తిని ఒరిగిండు, మళ్ల లేవలే."

సత్తార్ నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నాకెవలు చెప్పలే."

"ఎవలినడగాలె? ఇన్నేండ్ల దోస్తానీ, నీ ఇల్లేడనో ఆయనకే ఎర్క లేదాయె. మూగోనికి మూగోడు దొరికిండు."

ఆమె లోపలి నుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చింది. పాత కాగితాలవాడు రెండుసార్లు వచ్చి తూకానికి అడిగాడట. అవి సత్తార్ పుస్తకాలు కదా అని ఇవ్వలేదట.

సంచిలో ఆరు పుస్తకాలున్నాయి. ఇటుకరంగు అట్ట ఊడదీసి పక్కన ఉంది. పుస్తకం సగం దాకా కుట్టి ఉంది. చివరి కుట్టులో సూది అలాగే ఉంది.

మర్నాడు పొద్దున సత్తార్ తాళం తీసి, పుస్తకాన్ని లలితకుమారి ముందు పెట్టాడు. ఆమె సూది లాగబోయింది.

"ఉండనీ బిడ్డా. పైలంగ తిప్పు."

ఆమె రాసుకోవడం మొదలుపెట్టింది. అతను లోపలి గదికి వెళ్లాడు. పుస్తకం వచ్చింది, చెక్క తీసేయాలి. బయటికి లాగాడు. దుమ్ము తుడిచాడు. ఇద్దరూ చాయ్ తాగే మెట్ల వైపు చూసి, మళ్లీ అదే సందులో పెట్టాడు. పుస్తకాల మధ్య, రెండు వేళ్ల మందం చెక్క.