పీకుడు బాబాయ్

కుందేలు ఎడమ కంటికి కొక్కెం తగిలించి, పీకుడు బాబాయ్ పిడి తిప్పడం మొదలుపెట్టాడు. మీటరు ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరిగింది. అక్కడ ఆపి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆ కంటివైపే చూస్తూ కూర్చున్నాడు. కన్ను ఊడలేదు. కొక్కెం తీసి, బట్ట నలిగినచోట బొటనవేలితో నిమిరి, కుడికంటికి తగిలించాడు.

బొమ్మల ఫ్యాక్టరీలో అతని పని అదే. యూరప్ దేశాలకు వెళ్లే ప్రతి పెట్టెలోంచీ కొన్ని బొమ్మలు తీసి, కళ్లూ ముక్కులూ చెవులూ లాగి చూడాలి. ఏదైనా ఊడివస్తే బల్ల మీదున్న చిన్న ఉక్కు గొట్టంలో వేసి చూస్తాడు. అందులో పట్టిందంటే పసిపిల్లల గొంతులోనూ పడుతుంది. అలాంటి సరుకుకి భద్రతా గుర్తు ఉన్న లేబుల్ వేయకూడదు. ఆ లేబుల్ లేనిదే అక్కడి అంగళ్లలో అమ్మనివ్వరు.

కొత్తగా చేరినవాళ్లు తలుపులోంచి తొంగిచూసి, "ఏం పీకుతున్నావు బాబాయ్?" అంటారు. "కళ్లు," అంటాడు తలెత్తకుండా. ఆ జోకు పాతబడి చాలాకాలమైంది గాని, అడిగేవాళ్లూ మానలేదు, అతనూ జవాబు మార్చలేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. పిడి తిప్పీ తిప్పీ కుడి మణికట్టు లావెక్కింది. చొక్కా మీద ఎప్పుడూ బొమ్మల నూగు. గదికి ఒకవైపు గాజు పలక, దాని అవతల కుట్టుపనివాళ్ల హాలు. మూడో వరసలో అతని భార్య కూర్చుని కళ్లు కుడుతుంది. "పొద్దస్తమానం నేను కుట్టడం, ఈయన పీకడం. ఇదీ మా కాపురం," అని ఆవిడ అంటే వరసంతా నవ్వుతుంది.

ఇన్నేళ్లలో ఆవిడ కుట్టిన కన్ను ఒక్కటి కూడా అతని చేతిలో ఊడలేదు.

ఆరోజు భోజనాలకు ముందు ఒకటి ఊడింది. ముల్లు ఎర్రగీత చేరకముందే, ముగ్గిన పండు తొడిమ వదిలినట్టు మెత్తగా వచ్చేసింది. గొట్టంలో వేస్తే అడుక్కి జారిపోయింది. కుందేలు కడుపు కింద కుట్టిన, పనివాళ్ల నంబరుండే చీటీ తిప్పి చూశాడు. భార్య నంబరే.

అతను ఆశ్చర్యపోలేదు. అదే అతన్ని బాధపెట్టింది. కొంతకాలంగా ఇంట్లో ఆవిడ చేతిలోంచి గ్లాసులు జారుతున్నాయి. పొద్దున్నే వేళ్లు తిమ్మిరంటూ వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంటుంది. జాకెట్టు హుక్కులు అతనే పెడుతున్నాడు. ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు.

పెట్టెలో ఇంకా బొమ్మలున్నాయి. దీన్ని పక్కన పడేసి ఇంకోటి తీస్తే అడిగేవాడు లేడు. చెయ్యి పెట్టెదాకా వెళ్లింది. ఈ కన్ను నోట్లో పెట్టుకోబోయే పిల్లో పిల్లాడో ఎక్కడున్నారో, అసలు పుట్టారో లేదో. చెయ్యి వెనక్కి తీసుకుని సూపర్‌వైజర్‌ని పిలిచాడు.

సూపర్‌వైజర్ చీటీ చూశాడు, తర్వాత అతని మొహం చూశాడు. "లారీ సాయంత్రానికి వచ్చేస్తుంది బాబాయ్."

"రానీ బాబూ. ఈ నంబరువన్నీ ఆపు."

"పిన్నికి నేను చెప్పనా?"

"వద్దులే. నేనే చెప్తాను."

భోజనాల గదిలో ఆవిడ డబ్బా మూతతో తంటాలు పడుతుంటే అందుకుని తీసి ఇచ్చాడు.

"ఇవాళ ఒక కన్ను ఊడింది."

ఆవిడ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "నాదేనా?"

"నీదే."

"బాగా గట్టిగా పీకారేమో."

"అందరివీ ఎలా పీకుతానో అలాగే."

"దారం లాగితే బిగిసిందో లేదో వేలికి తెలియట్లేదండీ. ఎప్పుడో ఊడుతుందని తెలుసు. మీరు చూసీ చూడనట్టు వదిలేస్తారేమోనని భయపడ్డాను."

"వదిలేద్దామనే అనుకున్నాను."

"మరి?"

అతను తన డబ్బా మూత తీశాడు. ఆవిడ తన కూరలో సగం అతని డబ్బాలోకి వంచింది. "తినండి. కళ్లు ఎర్రబడ్డాయి. వాటినీ ఎవరో పీకినట్టున్నారు."

మధ్యాహ్నం వరసలోని ఆడవాళ్లంతా ఆవిడ బొమ్మల్ని పంచుకుని, కళ్లు విప్పి మళ్లీ కుట్టారు. ఎవరూ విసుక్కోలేదు. ఒకామె ఏదో జోకు వేసి నవ్వించబోయి, తానే కళ్లు తుడుచుకుంది. వాటిని అతను మళ్లీ లాగి చూశాడు. ఏదీ ఊడలేదు. లారీ కాస్త ఆలస్యంగా కదిలింది.

అప్పుడు ఆవిడ లేచి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. గాజు పలక ఇవతలికి మాటలు వినపడలేదు. సూపర్‌వైజర్ ప్యాకింగ్ బల్ల వైపు చెయ్యి చూపించడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం కనిపించాయి. ఆవిడ ఏప్రన్ విప్పి, మడత పెట్టి, అతని చేతికి ఇచ్చింది.

స్కూటర్ మీద ఇంటికి వెళ్తుంటే వెనకనుంచి అంది: "రేపు పొద్దున్న నన్ను లేపకండి."

"అలాగే."

కొంతదూరం పోయాక, "హుక్కులు మాత్రం పెట్టి వెళ్లండి."

"లేపకుండా ఎలా పెట్టను?"

ఆవిడ ఆలోచించి, అతని భుజం మీద చెయ్యి ఆనించింది. "అయితే లేపండి."

మర్నాడు అతను ఒక్కడే వచ్చి, గదిలో లైటు వేసి, కొక్కెం తుడుచుకున్నాడు. హాల్లోకి ఇంకా ఎవరూ రాలేదు. మూడో వరసలో ఆవిడ స్టూలు మీద, మిగిలిపోయిన బొమ్మల బట్టముక్కలు అతికి కుట్టుకున్న మెత్త నాలుగు మూలలా తాళ్లతో బిగించి అలాగే ఉంది, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర గుంటపడి.