పట్టు పడలేదు

"ఉప్పు సరిపోయిందో లేదో జర నాలుక మీద ఏసుకొని చూడు," అంటూ అత్త వేదవతి గరిటె చాచింది.

స్పందన చూడలేదు. పోటీకి ముందు బరువు చూసే తూకం దగ్గరపడింది. ఇప్పుడు ఉప్పు తగిలితే ఒంట్లో నీళ్లు నిలిచిపోతాయి, ముల్లు దిగదు. పొద్దుటి నుంచి గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగింది లేదు. ఈ సంగతి అత్తకు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వేదవతి "ఔ గదా, మర్శిపోయిన" అంటుంది, మళ్లీ గరిటె చాస్తుంది. ఆ రోజు ఆడబిడ్డ జ్యోతికను చూసుకోవడానికి హయత్‌నగర్ నుంచి పెళ్లివారు వస్తున్నారు. బగారన్నం, కోడికూర, పూరీలు. కాగిన నూనె ముందు నిలబడితే చెమట ధారలు కట్టింది. పోనీలే, ఆవిరి గదిలో కూర్చోవలసిన పని కొంత ఇక్కడే అయిపోతోందని తనలో తనే నవ్వుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్న ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే స్పందన ఛాంపియన్. మీర్‌పేట్ తాలీంలో తండ్రి బక్కయ్య దగ్గర కుస్తీ నేర్చుకొని, ఆ కుస్తీతోనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి దిగింది. గుద్దులూ తన్నులూ తెలిసిన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఈమె మాత్రం వంగి కాళ్లు అందుకొని పడేసేది, పడ్డవాళ్లను లేవనిచ్చేది కాదు. ఏం చేయబోతుందో ఎదుటివాళ్లకు ముందే తెలుసు, అయినా ఆపలేకపోయేవాళ్లు. దేశంలో ఆమె బరువు తరగతిలో ఆమెను ఓడించినవాళ్లు లేరు. "గట్ల మీద పడి పండుకునుడేంది, గుద్దితే గదా మజా," అనేవాడు భర్త అశోక్. అయినా ఆమె ఛాంపియన్ బెల్టుతో దిగిన ఫొటో పెద్దదిగా చేయించి దుకాణంలో గల్లాపెట్టె వెనక వేలాడదీశాడు.

పెళ్లికి ముందు పోటీల్లో ఆమె కార్నర్‌లో, అంటే కేజ్ పక్కన నిలబడి సలహాలిచ్చే చోట, నాన్న ఉండేవాడు. పెళ్లయ్యాక మొదటి పోటీకి అశోక్ ఎంతో మర్యాదగా, "మామా, మీకు మోకాళ్ల నొప్పులు గదా, నేను సూసుకుంట," అన్నాడు. బక్కయ్య భుజం మీది తువ్వాలు తీసి అల్లుడి చేతికిచ్చాడు. స్పందనను ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నప్పుడు ఒక్క మాట అడ్డం వేసి మనసులు పాడుచేయడం ఎందుకనుకుంది. అలా అనుకుని వదిలేసిన మాటలు ఇప్పటికి ఎన్నయ్యాయో.

పెళ్లివారికి వడ్డిస్తుంటే అశోక్ వాళ్లతో అంటున్నాడు. "గిదే లాస్ట్ ఫైట్. ఇగ పిల్లలు, దుకాణం. చానా అయింది."

"మంచిగైంది బిడ్డా, ఆడపిల్లకు ఎన్నొద్దులీ కొట్లాటలు," అన్నది పెళ్లికొడుకు తల్లి, పూరీ తుంచుకుంటూ.

ఇదే ఆఖరి పోటీ అన్న మాట స్పందన వినడం అదే మొదలు. గిన్నె వంటింట్లో పెట్టి, వెనకే వచ్చిన అశోక్‌ను ఆపింది. "నాతోని ఒక మాట అనొచ్చు గదా?"

"ఎన్నిసార్లన్న! పిల్లలు కావాలె, పిల్లలు కావాలె అన్న. నువ్వేం మాట్లాడలే. సరే అన్నట్టే అనుకున్న." అతని మొహంలో కోపం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

పోటీ సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో జరిగింది. ఇంటికి దగ్గరే కాబట్టి గల్లీకి గల్లీయే వచ్చి కూర్చుంది. ఎదుటి అమ్మాయిది హర్యానా, పొడవైన చేతులు. మొదటి రౌండ్ అంతా స్పందన ఆమెను కిందే ఉంచింది. రెండో రౌండ్‌లో మళ్లీ కాళ్ల మీదికి దూకినప్పుడు ఆ అమ్మాయి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది. కుస్తీ పట్టేవాళ్లకు వేసే పాత ఎత్తే అది. ఇద్దరూ కింద పడ్డారు.

స్పందన గడ్డం లోపలికి దాచుకుంది. పక్కకు జరిగి, భుజాన్ని ఆ అమ్మాయి గొంతు మీద ఆనించి, బరువంతా అక్కడ వదిలింది. ఇక కదలవలసిన పని లేదు. కదిలితేనే పట్టు బిగుస్తుంది. ఎదుటి చేతుల్లో సత్తువ అయిపోయేదాకా ఓపిక పడితే చాలు. ఊపిరి ఆడుతోంది. ఎల్బీనగర్ జిమ్‌లో రోజూ తనతో కుస్తీ పట్టే సౌజన్య, కేజ్ జాలీ అవతల అశోక్ పక్కన నిలబడి అరుస్తోంది. "మంచిగుంది అక్కా! కదలకు, అట్లనే ఉండు!"

మెడ చుట్టూ ఉన్న చెయ్యి వణకడం మొదలైంది. ఇంకాసేపే అనుకుంది స్పందన.

అప్పుడు పక్కన తెల్లగా ఏదో వచ్చి పడింది. రెఫరీ ఇద్దరినీ విడదీశాడు. ఆమె తరఫున ఓటమి ఒప్పుకుంటూ అశోక్ తువ్వాలు విసిరాడు. అతని చెయ్యి పట్టుకొని ఆపబోయిన సౌజన్య అలాగే నిలబడిపోయింది. బెల్టు హర్యానా వెళ్లిపోయింది.

డాక్టర్ గదిలో ఆ అమ్మాయే వచ్చి పక్కన కూర్చుంది. చేతికి ఐసు కట్టుకొని ఉంది. "పట్టు పడలేదు దీదీ," అన్నది హిందీలో, నేల చూపులతో. "నా చేతులు తిమ్మిరెక్కాయి, వదిలేయబోతున్నా. మళ్లీ ఆడదాం. గెలిచినట్టు లేదు నాకు."

తెల్లారేసరికి అశోక్ తువ్వాలు విసిరిన వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. బెల్టు కన్నా భార్యే ముఖ్యమనుకున్న భర్త అని కింద రాశారు. దుకాణానికి వచ్చినవాళ్లు చీరలు చూడటం మాని అశోక్‌తో సెల్ఫీలు దిగారు. వేదవతి కోడలికి దిష్టి తీస్తూ "నా కొడుకసుంటి మొగుడు ఎవలకు దొరుకుతడు," అని కళ్లు తుడుచుకుంది. కాలనీ సంఘంవాళ్లు అశోక్‌కు శాలువా కప్పారు. స్పందనను పక్క కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పూలగుత్తి ఇచ్చారు. నవ్వమన్నారు, నవ్వింది. నవ్వుతూనే ఆలోచించింది. ఇంట్లో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. కేజ్‌లో కదలకపోతే ఓడినట్టు. ఈ మనిషి ఇన్నేళ్లు పక్కనే ఉండి తన నిదానాన్ని ఒక్కసారైనా సరిగ్గా చదవలేదు. తాను చదివి చెప్పనూ లేదు.

మరుసటి వారం, పోటీలు నిర్వహించేవాళ్లు ఫోన్ చేశారు. ఫోన్ అశోక్ ఎత్తాడు. "లేద్సార్, మేడమ్ బంద్ చేసిన్రు," అంటున్నాడు. బట్టలు ఆరేస్తున్న స్పందన లోపలికి వచ్చి తడి చెయ్యి చాచింది. అతను ఒక్క క్షణం చూసి ఇచ్చాడు.

"సార్, నేను స్పందన. బంద్ చెయ్యలే. మళ్లీ ఆడుత. ఆ పిల్లతోనే." అవతల ఏదో అడిగారు. "కార్నర్‌ల సౌజన్య ఉంటది. మా నాయిన వస్తనంటే ఆయన గూడ. ఇంకెవ్వలుండరు."

ఫోన్ బల్ల మీద పెట్టింది. వంటింటి గుమ్మంలో వేదవతి చేతిలో పళ్లెంతో ఆగిపోయి ఉంది.

"మరి నేను?" అన్నాడు అశోక్.

"ముందు వరసల కూసో. సూడు."

"నీ పానం కోసమే గదా తువ్వాల ఏసిన? నువ్వు కదల్లే. నాకు భయమైంది స్పందనా. నిజంగ భయమైంది."

అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. అందుకే ఇన్ని రోజులూ ఊరుకుంది. ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా, జవాబు చెప్పింది.

"భయపడ్డది నువ్వు. ఓడింది నేను."