పస్తుగదిలో పెరుగన్నం

మా వంటింటి వెనక తలుపు తొలకరి నుంచి ఫ్రాన్సులోకి తెరుచుకుంటోంది. వీధి తలుపు మాత్రం పాలకొల్లులోనే ఉంది. ఇదివరకు వెనక తలుపు తీస్తే మురుగుకాలవ, దాని అవతల పక్కింటివాళ్ళ గోడ కనిపించేవి. ఇప్పుడు పచ్చగడ్డి, పొగమంచు, దూరంగా ఒక సంత ఊరు కనిపిస్తున్నాయి. నేను ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఫ్రాన్సు మాకింత దగ్గరని మా భూగోళం పుస్తకంలో ఎక్కడా లేదు.

నా భయమల్లా ఆ తలుపు గురించే. గాలికి మూసుకుపోయి, మళ్ళీ తీసేసరికి మురుగుకాలవే ఉంటే, అవతల ఉన్న నా కూతురు ఏమైపోతుంది? అందుకని తలుపుకి రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టాను. పొత్రం దొర్లిపోతుందేమోనని పక్కన పచ్చడి జాడీ పెట్టాను. జాడీ పగులుతుందేమోనని దానికి పాత చీర చుట్టాను.

ఎదురింటి సత్తెమ్మగారు పాలగిన్నె పట్టుకుని వస్తుంది.

"ఏవండీ, మా ఫ్రిజ్ పాడైపోయిందండి. ఈ పాలు కాసేపు మీ పెరటి చలిలో పెట్టుకోనా?"

"పెట్టుకోండి. మూత మీద రాయి పెట్టండి. అక్కడి పిల్లులు ఎలాంటివో మనకి తెలీదు."

మా హిమజ ఆ పెరట్లో నత్తలు పెంచుతోంది. ఇదివరకు జిరాక్స్ కొట్టులో పని చేసేది. రోజంతా ఊళ్ళోవాళ్ళ కాగితాలు తీసి తీసి ఇంటికొచ్చేసరికి తన ముఖమే వెలిసిపోయి ఉండేది. ఒక్కోరోజు నుదురు అసలు అచ్చు పడేది కాదు. నత్తలు మొదలుపెట్టాక ముఖం రంగు తేలింది. గడ్డిలో నడుస్తూ ఏదో కూనిరాగం కూడా తీస్తోంది.

పొలంలో చెక్క పలకలు ఏటవాలుగా నిలబెట్టి ఉంటాయి. నత్తలు పగలంతా వాటి కింద అతుక్కుని పడుకుంటాయి. సాయంత్రం నీళ్ళు చిమ్మితే లేచి మేతకి వస్తాయి. గుల్ల గట్టిపడాలని దాణాలో సున్నపురాయి పొడి కలుపుతుంది హిమజ. గుల్ల అంచు బయటికి మడత పడితే ఈడొచ్చినట్టు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడిమి చూసి, మడత పడనివాటిని "పో, ఇంకా ఆడుకో" అని వదిలేస్తుంది.

"అలా తడుపుతున్నావు, జలుబు చేస్తుందేమోనే" అంటాను నేను.

"అమ్మా, అవి నత్తలే. తడి లేకపోతేనే వాటికి ప్రమాదం."

"అయినా తల తుడవచ్చు కదా."

"తల బయటికి పెట్టినప్పుడు చెప్పు, తుడుస్తాను. నీ భయాలకి పన్ను వేస్తే ఈ పాటికి మునిసిపాలిటీ బాగుపడిపోయేది."

శనివారం సంత. పోలండు నుంచీ రుమేనియా నుంచీ కూడా అక్కడికి వలతో కుట్టిన సంచుల్లో నత్తలు దిగుతాయి. కొన్నవాళ్ళు వాటిని ఉడికించి, వెల్లుల్లి, వెన్న, ఏదో కొత్తిమీరలాంటి ఆకు నూరి గుల్లలో కూరి కాలుస్తారట. మా సరుకు సంతకి వెళ్ళడం ఇదే మొదటిసారి. సంతకి ముందు వారం పాటు నత్తలని పస్తుంచాలి. కడుపు శుభ్రపడితేనే తీసుకుంటారు. హిమజ వాటిని వలసంచుల్లో నింపి, పొలం చివరి రాతిగదిలో దండేనికి వేలాడదీసింది.

"నేను సంతలో చోటు చూసుకుని వస్తాను. ఈ గది తలుపు తియ్యకు. వాటికేం పెట్టకు."

"మంచినీళ్ళు?"

"కడిగాను. చాలు."

"ఒక్క ముద్ద?"

"అమ్మా! సరుకు తిరగ్గొడితే ఈ పొలం ఇంకొకళ్ళ పెరటికి వెళ్ళిపోద్ది. నరసాపురంలో ఎవరో రోజూ వెనక తలుపు తీసి చూసుకుంటున్నారంట, వచ్చిందా లేదా అని. అప్పుడు నేను మళ్ళీ జిరాక్స్ కొట్టుకే."

"నేనెందుకు పెడతానే" అంటాను.

హిమజ వెళ్ళాక గది బయట పీట వేసుకుని కూర్చుంటాను. లోపల చప్పుడు లేదు. అన్ని ఖాళీ కడుపులు చప్పుడు చెయ్యకుండా జాగ్రత్తపడుతున్నట్టు ఉంది. అంత మర్యాదగా ఆకలితో ఉన్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. దూరం వెళ్ళాలి. దారిలో ఎవరు పెడతారు? సంతలో ఆలస్యమైతే? కళ్ళు తిరిగి పడిపోతే? మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చిన మనిషి కూడా ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా గడప దాటలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి నా చేతిలో పెరుగన్నం గిన్నె ఉంది. ఉప్పు వెయ్యలేదు. ఉప్పు తగిలితే నత్త కరిగిపోతుందని నాకు తెలుసు. అన్నం మెత్తగా పిసికి, మెతుకు మెతుకుగా వలకన్నాల్లోంచి పెడతాను. మొదటి నత్త తింటుంటే గది ఒక అడుగు పొడుగవుతుంది. రెండోది తింటుంటే ఇంకాస్త. నేను నడుస్తూ పెడుతూ ఉంటాను. చివరి గోడ నా కంటే ముందు నడుస్తూ ఉంటుంది. గిన్నె అడుగు కనబడదు. తిన్న నత్త తిన్నట్టే లోపలికి జరిగి, గుల్ల మూతికి పల్చని తెల్లటి తలుపు వేసుకుంటుంది. కడుపు నిండినవాళ్ళు నడుం వాల్చే ముందు వేసుకున్నట్టు.

నాకు చాలా రోజుల తరవాత హాయిగా ఉంది. వెంటనే ఆ హాయి గురించి భయం వేస్తుంది.

హిమజ గస్తోన్ గారిని వెంటబెట్టుకుని వస్తుంది. ఆయన సంత పెద్ద. సరుకు తీసుకోవాలో తిరగ్గొట్టాలో ఆయన మాటే మాట. చెప్పులు గది బయట విప్పి లోపలికి వస్తారు. మా గోదావరి యాసలోనే మాట్లాడతారు. మా పెరటికి ఆనుకున్న ఊరు కాబట్టి అంతేనేమో.

ఒక వలసంచి చెవి దగ్గర పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకుంటారు.

"వీళ్ళు భోంచేశారండీ."

హిమజ నావైపు చూస్తుంది. తన ముఖం అంచుల దగ్గర వెలిసిపోవడం మొదలవుతుంది. బయట పొలంలో గడ్డి అంతా ఒక్కసారిగా నరసాపురం వైపు వాలుతుంది.

"ఉప్పు వెయ్యలేదండీ" అంటాను.

"అమ్మా, ఇక్కడ గొడవ ఉప్పు గురించి కాదు."

"తిన్నవాటిని తినడానికి అమ్మకూడదండి" అంటారు గస్తోన్ గారు. "తిన్నదాన్ని తింటే ఎవరి భోజనం ఎవరిదో తేలదు. రేపు తగువులొస్తాయండి."

ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. హిమజ చెంప దాకా వెలిసిపోయింది. ముక్కు పల్చబడుతోంది. ఏదో ఒకటి చెయ్యాలి. నాకు చాతనైంది ఒక్కటే.

"మీరు పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?" అని ఆయన్ని అడుగుతాను.

ఆయన వలసంచిని మళ్ళీ దండేనికి తగిలిస్తారు.

"సంత పెద్ద తినకూడదండి. సరుకు చూసేవాడి కడుపు ఖాళీగా ఉండాలి. మా నాన్నగారూ తినలేదు. తాతగారైతే అసలు మొదలే పెట్టలేదండి."

"అయ్యో, ఇలా వచ్చి కూర్చోండి."

వంటింట్లో పీట వేసి పప్పు, వంకాయ వేపుడు, మజ్జిగ పులుసు వడ్డిస్తాను. వీటిలో ఉప్పు వేశాను. ఆయన తలెత్తకుండా తింటారు. ముద్ద ముద్దకీ బయట గడ్డి కొంచెం కొంచెం నిటారుగా లేస్తుంది. మజ్జిగలోకి వచ్చేసరికి ఆయన నుదుటి మీద సన్నగా చెమట పడుతుంది.

"ఇప్పుడు కాదనలేనండి" అంటారు నెమ్మదిగా. "కాదనడానికి కడుపులో చోటు లేదు."

"తినడానికి కాకపోతే దేనికని అమ్మాలండీ?" అంటుంది హిమజ.

"సంతకి తీసుకురామ్మా. దేనికో కొనేవాళ్ళే చెబుతారు."

శనివారం పెరుగన్నం గిన్నె పట్టుకుని నేనూ సంతకి వెళ్తాను. హిమజ బల్ల ముందు మొదట ఒక ముసలావిడ ఆగుతుంది. ఒక నత్తని అరచేతిలో పెట్టుకుంటుంది. కాసేపటికి మెల్లగా త్రేన్చుతుంది.

"నా ఎదురుగా ఎవరో కడుపునిండా తిని కూర్చున్నట్టుందమ్మా. మా ఆయన పోయాక ఇదే మొదటిసారి" అని బుట్ట నిండా తీసుకుంటుంది.

తరవాత హోటళ్ళవాళ్ళు వస్తారు. బల్లకొకటి పెట్టుకుంటారట. ఒక్కడే వచ్చినవాడికి తోడుగా ఉంటుందని. ఇంకాసేపటికి పోలండు వర్తకుడూ రుమేనియా ఆవిడా తమ వలసంచులు మోసుకుని నా దగ్గరికి వస్తారు.

"మావాళ్ళకి కూడా ఒక ముద్ద పెట్టరా అమ్మా, ఎక్కడినుంచో వచ్చాం."

"ఉప్పు లేకుండా పెట్టాలి, గుర్తుంచుకోండి" అని గిన్నె అందిస్తాను.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి హిమజ బల్ల ఖాళీ అవుతుంది. తన ముఖం ఇప్పుడు ఎంత చిక్కగా ఉందంటే, చిన్నప్పుడు గడ్డం మీద ఉండి మాయమైన పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది.

"ఏంటమ్మా అలా చూస్తావు?"

"దిష్టి తగులుద్దేమోనని."

"నువ్వు చూడ్డం ఆపితే తగలదు" అని నవ్వి నా భుజం మీద తల పెడుతుంది.

ఇంత సంతోషం నాకు అలవాటు లేదు. గస్తోన్ గారిని పక్కకి పిలిచి అడుగుతాను, పొలం ఇక మాదేనా అని.

"మనుషులు ఒప్పుకున్నారండి. కానీ పొలం ఊరిది. ఊరు ఒప్పుకోవాలి."

"ఊరేమంటోంది?"

"ఊరు ఏమీ అనే స్థితిలో లేదండి. శనివారానికి శుభ్రంగా ఉండాలని ఎన్నో ఏళ్ళుగా పస్తుంటోంది."

"ఆ మాట ముందే చెప్పొద్దా? భోజనానికి రమ్మనండి."

ఇంటికొచ్చి ఉన్నవాటిలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెడతాను. వెనక తలుపులోంచి చూస్తే ఊరు అప్పటికే బయలుదేరింది. రొట్టెల కొట్టు, గుర్రాల నీళ్ళతొట్టి, మేడలు, సంత పందిళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి, నేలని వదలకుండా, తొందరపడకుండా మావైపు జరుగుతున్నాయి. వెనకాల గడ్డి మీద వెడల్పాటి తడి చార మెరుస్తోంది. కిటికీల్లోంచి జనం చెయ్యి ఊపుతున్నారు.

"అమ్మా, ఊరంతటికీ సరిపోద్దా?" అంటుంది హిమజ, కంచాలు తుడుస్తూ.

"చాలకపోతే మళ్ళీ ఎసరు పెడతాను. నువ్వు ఆకులు కడుగు."

అన్నిటికంటే పెద్దది కాబట్టి చర్చి గోపురం ముందు వస్తుంది. గడప దగ్గర ఆగి మొహమాటంగా ఒక పక్కకి ఒరుగుతుంది. దాని లోపల గంట, చాలాకాలంగా ఏమీ తిననివాళ్ళ నాలుకలా, మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. నేను గరిటె హిమజకిచ్చి, తలుపు పైకమ్మికి నా అరచెయ్యి అడ్డం పెడతాను.

"నెమ్మదండీ, తల తగులుద్ది" అంటాను.

గోపురం నా అరచేతి కింద నుంచి తల వంచుకుని వంటింట్లోకి వస్తుంది.